సంక్రాంతి తర్వాత ఆదివారం: కాళ్ళు మాట విన్న రోజు

ఈ మధ్య నన్ను కలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. "ప్రతి ఎపిసోడ్‌లో మోకాలు నొప్పి, నిద్ర లేదు, ఎండ అంటావు కదా, మరి ఎందుకు చేస్తున్నావు?" న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇవాళ కంప్లయింట్లు లేవు. ఒక మంచి రోజు గురించి చెప్తాను. నిజం చెప్పాలంటే ఇలాంటివి రెండు నెలలకి ఒకటి వస్తే గొప్ప.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక్క ముక్కలో: నేను ట్రైనింగ్ చేస్తున్నది ఫుల్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు, మామూలుగా 17 గంటల లోపు. 180 అంటే శ్రీకాకుళంలో బయలుదేరి ఇచ్ఛాపురం దాటి, ఒడిశాలో బరంపురం కూడా దాటిపోతాం. ఆ తర్వాత సైకిల్ పక్కన పెట్టి మారథాన్ పరిగెత్తాలి. 1978లో హవాయిలో మొదటిసారి పెట్టినప్పుడు బయలుదేరింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. మన వైపు ఈ ఆట పేరు చెప్తే "ఎన్ని కిలోలు ఎత్తుతావు?" అంటారు. తప్పు లేదు. కోడి రామ్మూర్తి గారు, కరణం మల్లీశ్వరి గారు, ఇటు విజయనగరంలో కొండవెలగాడ... బరువులెత్తిన గడ్డ మనది!

సరే, ఆ రోజుకి వద్దాం. ముక్కనుమ అయిపోయాక వచ్చిన ఆదివారం. ప్లాన్‌లో 100 కిలోమీటర్ల సైకిల్, దిగిన వెంటనే 5 కిలోమీటర్ల పరుగు. శ్రీకాకుళం నుంచి హైవే మీద టెక్కలి వెళ్ళి రావడం. ఆరింటికి బయలుదేరాను. మంచు బాగా ఉంది, లైట్లు వేసుకున్నా పక్క లారీ కనపడదు, అందుకే మొదటి అరగంట చాలా మెల్లగా. మడపాం దగ్గర వంశధార బ్రిడ్జి ఎక్కేసరికి మంచు విడిపోతోంది. కింద సన్నగా నీళ్ళు, మిగతాదంతా ఇసుక తిన్నెలు. అక్కడ వాచీ చూసుకున్నాను. స్పీడు మామూలు కన్నా ఎక్కువ, గుండె వేగం మామూలు కన్నా ఎనిమిది తక్కువ. వాచీ పాడైందేమో అనుకున్నాను. మెడ మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. కరెక్టే.

ఇంజనీర్ బుర్ర కదా, వెంటనే అనుమానం: ఇది గాలి పుణ్యమా? కానీ చలికాలంలో మన హైవే మీద ఈశాన్యం గాలి, వెళ్ళేటప్పుడు ముఖానికి కొట్టాలి. కొడుతోంది కూడా, కాస్త మెత్తగా. అయినా కాళ్ళు బరువనిపించలేదు. టెక్కలిలో టీ తాగుతుంటే ఒక పెద్దాయన అడిగాడు. "ఏ ఊరు బావూ?" శ్రీకాకుళం అన్నాను. "ఏటి, బస్సులు నేవా?" నవ్వు ఆగలేదు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, ఆ సగం క్రెడిట్ గాలికే ఇచ్చేస్తున్నా. మొత్తం 3 గంటల 40 నిమిషాలు. డిసెంబర్‌లో ఇదే రూటుకి 4 గంటల 10 నిమిషాలు పట్టింది.

ఎందుకిలా అయింది? సంక్రాంతి వల్ల. భోగి నుంచి ముక్కనుమ దాకా ఇంటి నిండా చుట్టాలు, నాలుగు రోజుల్లో ఒక్క చిన్న పరుగు తప్ప ఏమీ లేదు. అరిసెలు మాత్రం లెక్క లేదు. ట్రైనింగ్‌లో రెండు ఖాతాలు ఉంటాయి. ఒకటి సత్తువ, అది మెల్లగా పెరిగి మెల్లగా తరుగుతుంది. రెండోది అలసట, అది గబగబా పెరిగి గబగబా తగ్గుతుంది. రోజూ మనకి కనపడేది మొదటిదాంట్లోంచి రెండోది తీసేయగా మిగిలింది. మూడు నెలలు చేసిన పని నా ఒంట్లోనే ఉంది, అలసట కింద కనపడలేదు. పండగ దాని మీద మూత తీసింది. రేసు ముందు రెండు మూడు వారాలు ప్రాక్టీస్ తగ్గించేది అందుకే. అరిసెల సాయం కూడా కొట్టిపారేయలేం, బియ్యప్పిండి, బెల్లం... కాళ్ళలో పెట్రోలు నింపినట్టే.

ఇంటి దగ్గర సైకిల్ పెట్టి పరుగు మొదలుపెట్టాను. సైకిల్ దిగాక మొదటి రెండు కిలోమీటర్లు కాళ్ళు మనవి కావు, అది తెలిసిందే. ఆ రోజు అరసవల్లి రోడ్డులో రెండు వందల మీటర్లకే కాళ్ళు నావి అయిపోయాయి. ఐదు అయింది. ఇంకో ఐదు ఈజీగా వెళ్ళిపోవచ్చు. మనసంతా అటే లాగుతోంది. అప్పుడు వెనక్కి తిరిగాను. ఎందుకంటే నాకు కావలసింది పది కాదు, ఐదు అయ్యాక కూడా ఒంట్లో మిగిలి ఉన్న ఆ తేలికదనం. దాన్ని ఖర్చు పెట్టకుండా ఇంటికి తెచ్చుకోవాలనిపించింది. మధ్యాహ్నం చేపల పులుసు తిని, మామూలుగా అయితే కుప్పకూలేవాడిని, నాన్నతో పాటు మేడ మీద కూర్చుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పాను. ఉద్యోగం మానేశాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

ఒక్క విషయం సీరియస్‌గా చెప్పాలి. మా అమ్మది ఉద్దానం, కవిటి వైపు. కిడ్నీ జబ్బు ఆవిడకి వార్త కాదు, బంధువుల పేర్లు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే టైమింగ్ అడగదు. "నీల్లు తాగినావా నేదా?" అంటుంది. ఉద్దానంలో జబ్బుకి కారణం ఇప్పటికీ ఇదే అని తేల్చలేదు. కానీ ఈ ఆటలో ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి ఉండగా నొప్పి మాత్రలు, అంటే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కిడ్నీకి దెబ్బ అన్నది తేలిన విషయం. నేను మాత్ర వేసుకుని పరిగెత్తను. నొప్పి ఉంటే ఆ రోజు లేదు, అంతే. ఆ ఆదివారం నాలుగు సీసాలు తాగాను, ఉప్పు, నిమ్మకాయ, పంచదార కలిపి. ఖాళీ సీసాలు నాలుగూ వరసగా అమ్మ ముందు పెట్టాను. లెక్కపెట్టుకుంది.

సోమవారం లేచేసరికి మళ్ళీ కాళ్ళు రాళ్ళే అనుకోండి. వచ్చే ఎపిసోడ్ కళింగపట్నం నుంచి, సముద్రంలో ఈత. ఒంటరిగా కాదు, పక్కన పడవ, అందులో ఇద్దరు మత్స్యకారులతో. ఉంటాను మరి.