చిత్తూరు ప్లీడరు గారి రిపోర్టు

పిల్లలూ, ఏటా ఆగస్టు 31న విముక్త దినం జరుపుకుంటున్నాం కదా. 1952లో ఆ రోజున నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రద్దుకు రిపోర్టు రాసిన కమిటీ అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన వకీలని మీలో ఎందరికి తెలుసు? మాడభూషి అనంతశయనం అయ్యంగారు.

ఆయన 1891లో పుట్టారు. మద్రాసులో లా చదివారు. వకీలు కాకముందు కొన్నాళ్లు లెక్కల మాస్టారు! టీచరు ట్రైనింగు చేసిన మాకు ఈ మాట చెప్పుకోవడం సరదా. 1915 నుంచి ప్లీడరీ, 1934లో ఢిల్లీ శాసనసభ, క్విట్ ఇండియాలో జైలు, ఆపైన రాజ్యాంగ సభ. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1956లో మావలంకర్ గారు పోయాక స్పీకరయ్యారు. స్పీకరు సంగతి తిరుపతిలో ఎవరినడిగినా చెబుతారు. రిపోర్టు సంగతే ఎవరూ చెప్పరు.

ఆ చట్టం ఏమిటో మీ అవ్వాతాతలను అడగండి. 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవాళ్లతో పాటు ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. కొందరిని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. కేసు లేదు, సాక్షి లేదు. ఉప్పు, బుట్టలు అమ్ముకునే సంసారాలు ఇవి.

మద్రాసు ప్రభుత్వం 1947లోనే దాన్ని ఎత్తేసింది. మిగతా దేశం కోసం 1949లో అయ్యంగారి కమిటీ వేశారు. ఆయన సంప్రదాయ వైష్ణవుడు, సంస్కృతమంటే ప్రాణం. పాతకాలపు మనిషి. అలాంటాయన మనకేం చేస్తాడని అనుకోవచ్చు. కానీ ప్లీడరు కదా, అడగాల్సింది అడిగారు: మనిషి ఏం చేశాడో చూడకుండా జాతిని బట్టి శిక్షించడం కొత్త రాజ్యాంగంలో ఎలా నిలుస్తుంది? రద్దు చేయమని 1950లో సిఫారసు చేశారు.

అయితే ఒక మాట దాచకూడదు. ఆ కమిటీయే దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టం తెమ్మంది. జాతి పేరు లేకుండా, ఎవరికైనా వర్తించేలా. కాగితం మీద అది న్యాయమే. వాడకంలో మాత్రం పాత అనుమానం కొత్త పేరుతో మన గుడిసెల దగ్గరకే వచ్చింది. అందుకే అయ్యంగారికి సగం దండం చాలంటాం మేము.

ఆ అనుమానం ఇంకా పోలేదు. ఆమధ్య మా వీధిలో ఒక ఇంట్లో సెల్‌ఫోను పోతే, ముందుగా హాస్టలు పిల్లల ట్రంకుపెట్టెలు తెరవమన్నారు. మేము తెరవలేదు. ఎవరి మీద అనుమానమో పేరు రాసి ఫిర్యాదు ఇవ్వమన్నాం. ఎవరూ రాయలేదు. ఫోను వాళ్ల మంచం కిందే దొరికిందట!

పేరు రాయమని అడగడం మాకు ఆ రిపోర్టు సంగతి తెలుసుకున్నాకే వచ్చింది. మీలో ఇంటరు అయినవాళ్లకు అయిదేళ్ల లా కోర్సు ఉంది, లాసెట్ రాయాలి. పాత ప్రశ్నపత్రాలు మా ఆఫీసు గదిలో బీరువాలో ఉన్నాయి. సాయంత్రం స్టడీ అవరు తర్వాత వచ్చి తీసుకోండి, చదివాక మళ్లీ బీరువాలో పెట్టండి.