నత్త నోటిలోని ఆకురాయి
కొత్తపట్నపు ఇసుకలో గుండ్రని సన్నరంధ్రము గల చిప్పలను మీరు చూచియుందురు. ఒక జాతి సముద్రపు నత్త ఆమ్లరసముతో చిప్పను మెత్తపరచి, ఆకురాయివంటి నాలుకతో తొలిచి, లోని జీవిని తినును. నాలుకపై పండ్ల వరుసలు అరిగిపోవుచుండ, వెనుక సంచిలో క్రొత్తవి పుట్టుచుండును. తల్లిదండ్రులనుండి వచ్చిన ఆజ్ఞలవంటి జన్యువులు నత్త మేనిలోని కణములన్నిటికిని సమానమే. ఆ సంచియందు మాత్రము పండ్లను కట్టునవి మేల్కొనును. ఈ నత్తకు జ్ఞాతియై, రాళ్లను గీకి బ్రతుకు కైటన్ పండ్లయందు అయస్కాంతశిల కలదు. ఇనుమును దాచు ఫెర్రిటిన్ జన్యువు అచ్చట మిక్కిలి చురుకైనదని 2019లో పరిశోధకులు ప్రకటించిరి.

మనకో, పాలపండ్లు ఊడిన పిమ్మట పండ్లు ఒక్కమారే మొలచును. వానిని కట్టు జన్యువులు ముదుసలి మేనిలోను ఉన్నవి. ఆ పనికి పిలుచు కణములే లేవు. ఆస్తి యుండుట వేరు. అది వేళకు అక్కరకు వచ్చుట వేరు.