లెక్కకు అందినదీ, ఊరికి అందినదీ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద కళల గురించి మాట్లాడమని కార్యవర్గం నన్ను ఆదేశించింది. కారణం మీకు తెలిసిందే. మన సాంస్కృతిక నిధి నుంచి చుట్టుపక్కల గ్రామాల హైస్కూళ్లలో బుర్రకథలు చెప్పించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆడపిల్లల చదువు మధ్యలో మాన్పించవద్దన్నది కథాంశం. "ఆ డబ్బు వైద్య సహాయానికి ఇస్తే నలుగురికి మందులొస్తాయి గదా, బుర్రకథ వల్ల ఏం ఒరుగుతుంది?" అని ఒక సభ్యులు అడిగారు. కొందరు ఆయన మీద విసుక్కున్నారు. నేను మాత్రం అది న్యాయమైన ప్రశ్నేనంటాను. పింఛను డబ్బులోంచి ఇచ్చిన చందా అది. జవాబు చెప్పవలసిన బాధ్యత మనకుంది.

మనమంతా ఫైళ్ల మధ్య పెరిగినవాళ్లం. యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాయడం మనకు కొత్త కాదు. అయితే ఆ సర్టిఫికెట్ ఏం చెబుతుంది? మంజూరైన సొమ్ము మంజూరైన పనికే ఖర్చయిందని చెబుతుంది. ఆ పని వల్ల ఎవరికి ఏం జరిగిందో చెప్పదు. ఎన్ని ప్రదర్శనలు, ఎంతమంది హాజరు, ఎన్ని వోచర్లు అన్నది మనం చేసిన పని లెక్క. చూసినవారిలో ఏం కదిలిందన్నది వేరే లెక్క. మొదటిది మన రిజిస్టర్లో ఉంటుంది. రెండోది ఊళ్లో ఉంటుంది. వెళ్లి అడిగితే తప్ప దొరకదు.

దీనికి నేను దగ్గర నుంచి చూసిన ఉదాహరణ నెల్లూరు జిల్లా. 1991లో అక్కడ అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఆ రోజుల్లో నేను ఆ జిల్లాలోనే ఉద్యోగిని, కొంతకాలం ఆ పనిలో పాలుపంచుకున్నాను. పాటతో, నాటికతో చదువు మీద ఆసక్తి పుట్టించే కళాజాతా పద్ధతి అంతకుముందే కేరళలో ఉంది. 1990 ఫిబ్రవరిలో ఎర్నాకుళాన్ని సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించారు. అదే సంవత్సరం భారత్ జ్ఞాన విజ్ఞాన జాతా ఆ పద్ధతిని దేశమంతటా తిప్పింది. నెల్లూరులోనూ కళాకారుల దళాలు ఊరూరా తిరిగాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట పలక పట్టారు.

మా ప్రొఫార్మాలో గడులు ఉండేవి. ప్రదర్శనలెన్ని, ప్రేక్షకులెందరు, పలకలెన్ని, మొదటి వాచకం పూర్తి చేసినవారెందరు. కార్యక్రమం అక్షరాస్యత కోసం గనుక ఆ గడులు సరైనవే. కానీ కలిగిరి మండలం దూబగుంటలో జరిగినదానికి అందులో గడి లేదు. అక్కడి ఆడవాళ్లు ఏకమై సారా అమ్మకాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ కథే "ఆడవాళ్లు ఏకమైతే" అన్న పాఠమై వయోజనుల వాచకంలోకి ఎక్కింది. 1992లో ఆ పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు, వాళ్లు చేసినది మనం చేయలేమా అని లేచారు. సారా పాటలను జరగనివ్వలేదు. అధికారులు వేలాన్ని మళ్లీ మళ్లీ వాయిదా వేయవలసి వచ్చింది. అవతల ఉన్నది చిన్న శక్తి కాదు. రాష్ట్రానికి 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. అయినా 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఈ చరిత్రలో, మన బుర్రకథల విషయంలో పనికివచ్చే సంగతులు మూడు కనిపిస్తాయి.

ఒకటి, ఫలితం మనం అనుకున్నచోటే రాదు. అక్షరాల గడి ఒక్కటే చూసినవాడికి దూబగుంట కనిపించదు. నేనొక ఊళ్లో ఒకామెను ఏం నేర్చుకున్నారమ్మా అని అడిగితే "సంతకం సార్" అని ఊరుకుంది. రాత్రి బడికి వచ్చాక మీ ఊళ్లో ఏం మారిందని అడిగితే, "అందరం ఒకచోట కూర్చుంటుండాం సార్, ఒకరింటి సంగతి ఇంకొకరికి తెలస్తా ఉండాది" అంది. మొదటి ప్రశ్నకు నా గడి నిండింది. రెండో ప్రశ్నకు ఊరి సంగతి తెలిసింది.

రెండు, ఘనతంతా మనదే అనుకోరాదు. సారా ఉద్యమం కళాజాతా వల్ల వచ్చిందా? పాఠం వల్లనా? ఏళ్ల తరబడి కూలి డబ్బు ప్యాకెట్ సారాకు పోగొట్టుకున్న ఇళ్ల కడుపుమంట వల్లనా? స్త్రీ సంఘాల వల్లనా, పత్రికల వల్లనా? అన్నీ కలిశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 1991 జనాభా లెక్కల్లో 32.72 శాతం, 2001లో 50.43 శాతం. ఆ పెరుగుదల చూపించి ఇదంతా మా పాటల వల్లేనని ఏ కళాకారుడైనా అంటే, ఆ పదేళ్లలో పిల్లలకు పాఠం చెప్పిన పంతులమ్మలు నవ్వుతారు. "మా వల్లే" అనకుండా "ఇందులో మా పాలూ ఉంది, ఇదిగో ఇంత" అని చెప్పగలగడమే నిజాయితీ గల మదింపు.

మూడు, ఒకసారి చూసి వదిలేయకూడదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. 1995లో చూసినవారు పూర్తి విజయమని, 1997లో చూసినవారు అంతా వ్యర్థమని రాసి ఉంటారు. రెండూ తొందరపాటే. చట్టం మారినా, వేలం పాటను ఆపించిన ఆడవాళ్లకు వచ్చిన ధైర్యం ఏమైందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

ఇక మన పనికి వద్దాం. నా సూచనలు ఇవి.

కథ మొదలు కాకముందే, దీనివల్ల ఏం జరగాలని ఆశిస్తున్నామో ఒక్క వాక్యంలో మినిట్స్ పుస్తకంలో రాసుకుందాం. "ఆడపిల్లలందరూ డిగ్రీ చదవాలి" అని రాయవద్దు. గంటన్నర బుర్రకథ మీద అంత బరువు పెట్టరాదు. "అమ్మాయి చదువు మాన్పించే ముందు ఇంట్లో ఒకసారి దాని మాట అడగాలి" అని రాద్దాం. అది కథకు అందే దూరం.

ప్రదర్శనకు వారం ముందు కొందరు పిల్లలనూ, తల్లులనూ కలిసి ఇంట్లో ఈ విషయం మాట్లాడుకుంటారా అని అడుగుదాం. ముందు సంగతి తెలియకుండా తరువాతి మార్పు తెలియదు. కథ చెప్పించని ఒక స్కూల్లో కూడా ఇదే అడుగుదాం. అక్కడా అదే మార్పు కనబడితే అది మన గొప్ప కాదు.

ప్రదర్శన అయిన రోజే, చేతిలో మిఠాయి పెట్టి "ఎలా ఉంది?" అని అడిగితే ప్రతివారూ "చాలా బాగుంది సార్" అంటారు. అది మర్యాద, ఫలితం కాదు. మూడు నెలలాగి వెళదాం. కథలో ఏం గుర్తుంది, ఇంట్లో ఎవరికి చెప్పారు, ఆ తరువాత ఏమైనా జరిగిందా అని అడుగుదాం. తల్లులను అడగడానికి మన మహిళా సభ్యులు వెళ్లాలి. కార్యక్రమం నిర్వహించినవారు అడగడానికి వెళ్లకూడదు. ఆడిటు మనవాడే చేసుకుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

కథకుణ్ణీ, ఇద్దరు వంతలనూ కూడా అడగాలి. గిట్టుబాటైందా, మరోచోట పిలుపు వచ్చిందా, తంబురా పట్టి నేర్చుకుంటానని ఏ పిల్లైనా వచ్చిందా? కళ బతకడం కూడా ఒక ఫలితమే. రాని వారెవరో కూడా రాసుకోవాలి. దూరపు వాడ పిల్లలు ఒక్కరూ రాకపోతే, నిండిన హాలు చూసి మురిసిపోరాదు.

కళను తూకం వేస్తారా అని కొందరు మిత్రులు నొచ్చుకుంటున్నారు. కళను తూచడం లేదండీ. మన పథకాన్ని తూస్తున్నాం. పిల్లలు ఒక సాయంత్రం కడుపుబ్బ నవ్వితే అదీ లాభమే, దాన్నీ అలాగే రాద్దాం. నవ్వును అక్షరాస్యతగా చూపించవద్దు, అంతే. ఈ విచారణకు పెద్ద ఖర్చూ వద్దు. బస్సు చార్జీలు, ఒక నోటు పుస్తకం, మనకు పుష్కలంగా ఉన్న తీరిక చాలు.

అందువల్ల నా విన్నపం. ఈ ఏడు మూడు స్కూళ్లలో మాత్రమే కథ చెప్పిద్దాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఖర్చు లెక్కతోపాటు, ఊళ్లో విన్న మాటల లెక్క కూడా చదువుదాం. ఏమీ జరగలేదని తేలితే ఆ సొమ్మును వైద్య సహాయానికి మళ్లించే తీర్మానాన్ని నేనే ప్రతిపాదిస్తాను. ప్రశ్న అడిగిన ఆ సభ్యులనే విచారణ బృందానికి పెద్దగా ఉండమని కోరుతున్నాను. వారు అంగీకరిస్తారని ఆశిస్తున్నాను.