పాడేవాళ్లు ఏం వింటారు?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విశేషమేమిటో ఇక్కడున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం వేసే భిక్ష కాదు, మన హక్కు అన్నది. ఆ సంగతీ, డీఏ సంగతీ నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాకు అప్పగించింది భోజనాలకు ముందున్న సమయం. "ఏదైనా పాటల గురించి చెప్పండి, జనం లేచిపోకుండా చూడండి" అని కార్యదర్శి గారి మౌఖిక ఉత్తర్వు. ఉత్తర్వు వస్తే అమలు చేయడం ముప్పైనాలుగేళ్ల అలవాటు కనుక ఒప్పుకున్నాను.

నాకు పాడడం రాదు. మా ఆఫీసు వీడ్కోలు సభల్లో కూడా నన్నెవరూ పాడమనలేదు, అది వారి మంచితనం. కానీ వినడం వచ్చు. ఏడాది చివర ఇంగ్లీషు పత్రికల్లో ఒక శీర్షిక వస్తుంటుంది. పేరున్న గాయకులనూ వాద్యకారులనూ పిలిచి "ఈ ఏడాది మీరు ఇంట్లో ఎక్కువగా విన్న ఆల్బం ఏది?" అని అడుగుతారు. వంటవాడు ఇంట్లో ఏం తింటాడో తెలుసుకోవడం వంటిది ఆ ప్రశ్న. చదివినప్పుడల్లా అనుకునేవాణ్ణి, మన భజన మండలి హార్మోనిస్టును, మన పెండ్లిండ్లకు వచ్చే సన్నాయి ఆయనను ఈ మాట ఎవరైనా అడిగారా అని. అడగలేదు. సరే, నేనే ఒక నోటు పుస్తకం కొని, దసరా మొదలు కార్తీక పున్నమి దాకా రెండు జిల్లాల్లో, అంటే మన పాత రెండు జిల్లాల్లో తిరిగాను. కొత్తవి ఎన్నో లెక్కపెట్టుకునే ఓపిక నాకు లేదు. పద్నాలుగు మందిని కలిశాను. పేర్లు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు.

ముందు ఆల్బం అన్న మాట. మా ఇంటావిడ, పెండ్లి ఫోటోల ఆల్బం అనుకున్నది. ఆమె పూర్తిగా తప్పు కాదు. పాత రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్ల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు నిమిషాల పాట పట్టేది. పెద్ద కచేరీ కావాలంటే అయిదారు ప్లేట్లు కావలసి వచ్చేది. వాటిని ఫోటోల పుస్తకం మాదిరి అట్టల నడుమ కాగితపు సంచుల్లో పెట్టి అమ్మేవారు. ఆ పుస్తకానికే ఆల్బం అని పేరు. 1948లో అమెరికాలో ఎల్పీ ప్లేటు వచ్చి ఒక్క దానిలోనే ఇరవై నిమిషాలకు పైగా పట్టినా పేరు మాత్రం మిగిలిపోయింది. తరువాత క్యాసెట్టు, తరువాత సీడీ. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అట్టా లేదు, ప్లేటూ లేదు.

నల్లగొండలో హార్మోనియం వాయించే రిటైర్డు ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయన ఏడాదంతా విన్నది ఘంటసాల గారి భగవద్గీత. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఆ రికార్డు ఆయన పోయిన తరువాత విడుదలయింది. ఆ శ్లోకానికీ దాని తాత్పర్యానికీ మధ్య గొంతు ఎట్లా దిగుతుందో చూడమని నాకు రెండుసార్లు వేసి వినిపించారు. "కానీ కిటికీలు మూసి వింటానండీ" అన్నారు. ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. మన ఊళ్లలో ఆ గీత వినబడితే ఎవరో పోయారనే అర్థం. వైకుంఠ రథం మీద మైకు పెట్టి అదే వేస్తారు. ఒకనాడు పొద్దున్నే ఆయన కిటికీ తెరిచి వింటుంటే ఎదురింటివారు తువ్వాల భుజాన వేసుకొని పరామర్శకు వచ్చారట. ఆయనే తలుపు తీసేసరికి వారికి ఏమనాలో తోచలేదట. యుద్ధానికి లేవమని చెప్పిన మాటను మనం పాడెకు అంటగట్టుకున్నామని ఆయన బాధ. నాకూ అదే అనిపించింది.

లతీఫ్ సాహెబ్ గుట్ట కింద ఉర్సులో పాడే ఖవ్వాలీ ఆయనను అడిగాను. హైదరాబాదు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పాత రికార్డింగులు అన్నారు. మహబూబ్‌నగర్‌లో పిల్లలకు సంగీతం నేర్పే అమ్మ ఒకరు, ఈ ఏడాది గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి అన్నమయ్య కీర్తనలు తప్ప వేరేవి వినలేదన్నారు. ఆయన 2025 మార్చి 9న తిరుపతిలో పరమపదించారు. "పోయినంక వింటున్నం చూడండి, ఉన్నప్పుడు తిరుపతి పోయి కూడా చూడలేదు" అని ఆమె కండ్లు తుడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం అన్నారు. అది 1963 నాటి హెచ్.ఎం.వి. రికార్డు, దానిని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, మనందరి ఇండ్లు దానితోనే తెల్లవారాయి.

యాదగిరిగుట్ట వైపు ఒక సన్నాయి విద్వాంసుడు చెప్పిన మాట మాత్రం చెప్పాలి. ఆయన రాత్రిపూట షేక్ చిన మౌలానా గారి నాదస్వరం వింటారు. కరవదిలో పుట్టి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన మహానుభావుడు, రంగనాథుని సన్నిధిలో వాయించిన ముసల్మాను. ఎందుకు ఆయనే అని అడిగితే ఇట్లా అన్నారు: "పెండ్లిల నన్ను తాళి కట్టెదాంక ఉంచుతరు సారూ. గట్టిమేళం అయిందంటె డీజే షురూ. రాగం సగంల ఆగిపోతది. ఇంటికొచ్చినంక మౌలానా సాబు వింట. నేను ఆపిన కాడి నుంచి ఆయన వాయిస్తున్నట్టు ఉంటది."

గొప్పవారిలోనూ ఇటువంటిది ఉన్నది. బడే గులాం అలీ ఖాన్ గారు మద్రాసు వస్తే ఘంటసాల గారింట్లో బస చేసేవారు. సినిమాకు పాడే ఈయనకు ఆయన పాట మీద అంత భక్తి. ఆ ఖాన్ సాహెబ్ 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. బాలసుబ్రహ్మణ్యం గారికి మహమ్మద్ రఫీ అంటే ప్రాణం, ఆ మాట ఎన్నో వేదికల మీద చెప్పారు. రఫీ మన ‘భలే తమ్ముడు’ సినిమాలో, 1969లో, రామారావు గారికి తెలుగులో పాడిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకముంటుంది. నాకైతే టిక్కెట్టు దొరకక మూడో రోజు చూసిన జ్ఞాపకం.

ఇంతవరకూ చెప్పినవన్నీ బజారులో దొరికినవి. పాలమూరు వైపు పోయినకొద్దీ నా ప్రశ్నకే చిక్కు వచ్చింది. అక్కడ పాడేవారికి ఆల్బం ఎక్కడిది? నల్లమల అంచున దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ ఎన్నేండ్లుగా చెప్పలేదు? సర్కారు సొమ్మూ షావుకార్ల సొమ్మూ కొల్లగొట్టి పేదలకు పంచిన సాయన్న కథ అది. ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో 2021లో ఆయన గొంతు వినబడిన తరువాత గాని లోకం తిరిగి చూడలేదు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషం. ఆ వాద్యం పేరు మనలో ఎందరికి అంతకుముందు తెలుసు? మహబూబ్‌నగర్‌లో పదేండ్లకు పైగా పనిచేసిన నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

దేవరకద్ర వైపు ఒక పల్లెలో మృదంగం వాయించే పెద్దమనిషి దగ్గరకు కార్తీకంలో పోయాను. ఎనభై దాటినవారు. ఈ ఏడాది ఏం విన్నారంటే లోపలికి పోయి మనవడి ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టారు. గరగరలాడే శబ్దం, దాని వెనుక తాళాలు, హార్మోనియం, ఒక ముసలి గొంతు. మన్యంకొండ హనుమద్దాసు కీర్తన. అది వారి గురువు గొంతట. 1983లో ఏకాహం నాడు ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టారు. క్యాసెట్టు ఇరవై ఏండ్లు ఇనుప పెట్టెలో పడి ఉంటే, లోపలి టేపు జారి చిక్కుపడితే, పెన్సిలు దూర్చి మెల్లగా చుట్టి, మనవడి చేత ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి అది పెట్టుకొని దానితో పాటు వాయిస్తారు. కీర్తన నడుమ గురువు ఒకచోట దగ్గుతారు. ఆ దగ్గు దగ్గర వీరి చేయి ఆగుతుంది, మళ్లీ సరిగ్గా అక్కడే అందుకుంటుంది. నా కండ్లారా చూశాను.

"పుస్తకం ఉన్నది కదా, కీర్తనలు అచ్చయినవి కదా" అన్నాను. గుమాస్తా బుద్ధి, కాగితం ఉంటే చాలుననుకుంటాము. ఆయన నవ్వి, "పుస్తకంల మాట ఉన్నది సారూ, వరుస ఏడుంది?" అన్నారు. వేపూరు హనుమద్దాసు కీర్తనలు, రాకంచర్ల వెంకటదాసు కీర్తనలు కూడా ఒకప్పుడు ఊరూరా పాడేవారట. ఒకే కీర్తనకు ఈ ఊళ్లో ఒక వరుస, అయిదు మైళ్ల అవతల ఇంకొకటి. తమ గురువు వరుస తెలిసినవాళ్లు ఇప్పుడు తనతో కలిపి ముగ్గురే మిగిలారని, అందులో ఒకరికి మాట పడిపోయిందని చెప్పారు.

తరువాత ఆయన నన్నే అడిగారు. "మరి మీరేం ఇన్నరు ఈ యేడు?"

ఈ మాట ఇంతమందిలో చెప్పాలా వద్దా అని నిన్నటి దాకా తేల్చుకోలేకపోయాను. చెబుతున్నాను. 1985లో మా మేనబావ దుబాయి నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. బతుకమ్మ పండుగకు ఊరికి పోయినప్పుడు మా అమ్మను కూర్చోబెట్టి పాడించాము. ఇసుర్రాయి పాటలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు. అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా నిండింది. ఆమె 1987లో పోయింది. మరుసటి ఏడు నాకు సినిమా పాటల మీద మోజు. ఆ రోజుల్లో పాటల జాబితా రాసిచ్చి క్యాసెట్టు ఇస్తే దుకాణంలో నింపి ఇచ్చేవారు. నెలాఖరు. కొత్త క్యాసెట్టుకు డబ్బులు చూసుకొని, ఇంట్లో పైన పేరు రాయని క్యాసెట్టు ఒకటి కనబడితే ఇచ్చి వచ్చాను. ఆఫీసులో ప్రతి ఫైలుకూ నంబరు వేసి, విషయం రాసి, దారం కట్టే మనిషిని. అమ్మ పాటల మీద ఒక కాగితం ముక్క అంటించలేదు.

తద్దినం నాడు మా అక్క అమ్మ పాట పెట్టమన్నది. పెడితే సినిమా పాట వచ్చింది. తిప్పితే ఇంకొకటి. అక్క ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి పోయింది. రెండో వైపు చివర, సినిమా పాటలు అయిపోయిన తరువాత, అర నిమిషం మిగిలింది. అందులో పాట లేదు. "చాలు బిడ్డా, బంద్ జెయ్యి, పొయ్యి మీద అన్నం మాడుతది" అని అమ్మ మాట. గాజుల చప్పుడు. అంతే. ఈ ఏడాదే కాదు, ముప్పై ఏడేండ్లుగా నేను ఎక్కువసార్లు విన్నది అది. మా పిల్లలకు కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తున్నది, అదిగో ఆ మూల కూర్చున్నారు.

ఆ పెద్దమనిషి అంతా విని, "ఎనుక ముక్కలు ఇరగ్గొట్టలేదా సారూ?" అన్నారు. విరగ్గొట్టలేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

అందుచేత కార్యదర్శి గారి అనుమతితో ఒక ప్రకటన. సంఘం కార్యాలయంలో ఒక టేప్ రికార్డర్ బాగు చేయించి పెట్టాము. ప్రతి సోమవారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు నేను అక్కడ ఉంటాను. మా మనవరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చూస్తుంది. ఫీజు లేదు. సినిమా పాటలు వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. భజనలు, యక్షగానాలు, ఇంట్లో ఆడవారి పాటలు, పెండ్లి పాటలు, పిల్లల మాటలు, ఎవరి గొంతయినా సరే. క్యాసెట్టు ఏండ్ల తరబడి కదలకుండా ఉంటే నేరుగా వేసి చూడకండి, టేపు తెగవచ్చు. అట్లాగే తీసుకురండి, ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు వేస్తాము. పైన పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం రాయండి. ఇంకొకటి. క్యాసెట్టు వెనుక అంచున, రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. వాటిని గోరుతోనో చాకు కొనతోనో ఈ రాత్రే విరిచేయండి. అప్పుడు దాని మీద ఎవరూ మళ్లీ రికార్డు చేయలేరు.