కాలేయ మార్పిడి తర్వాత దగ్గును తేలికగా తీసుకోకండి



హైదరాబాదులో కాలేయ మార్పిడి చేయించుకొని వేంసూరు తిరిగి వచ్చిన రోగి ఇక మీ సంరక్షణలో ఉంటారు. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మాత్రలు ఇస్తారు. వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గి న్యుమోనియా, క్షయ, బూజు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు సులభంగా సోకుతాయి.

పలకరించడానికి చుట్టాలు వస్తారు. దగ్గు, జలుబు ఉన్నవారిని గుమ్మం దగ్గరే ఆపండి, మొహమాటపడకండి. రోగిని గడ్డివాముకు, కోళ్ళ గూటికి, పొయ్యి పొగకు దూరంగా ఉంచండి.

ఈ రోగులకు జ్వరం ఎక్కువగా రాకపోవచ్చు. కాబట్టి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, జ్వరం లేకుండానే దగ్గు, ఆయాసం ఉన్నా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఊళ్ళో సొంతంగా మందులు కొని వేయకండి. కొన్ని యాంటీబయాటిక్‌లు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. డాక్టరుగారు చెప్పనిదే ఆ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి.