మే నెలలో పాస్‌బుక్కు చూసుకుందాం

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)

ఈ ఏడాది మాకు బ్యాంకుతో రెండు ఇబ్బందులు వచ్చాయి. అవి మీకు రాకూడదని చెప్తున్నాం.

మొదటిది చెక్కు సంగతి. మేము కొత్త లీడర్లను ఎన్నుకుని, తీర్మానం కాపీ, సంతకాలు బ్యాంకులో ఇచ్చాం. నెల తర్వాత నూనె షావుకారుకు 18,000 రూపాయల చెక్కు రాశాం. ఖాతాలో 40 వేల పైనే ఉంది. అయినా సంతకాలు కలవలేదని చెక్కు తిరిగొచ్చింది, ఛార్జీ కూడా కోశారు. "డబ్బుల్లేకుండా చెక్కు ఎట్లా ఇచ్చారమ్మా" అని షావుకారు నలుగురిలో అనేశాడు. తలెత్తుకోలేకపోయాం. బ్యాంకు ముద్ర వేసిన తీర్మానం కాపీ మా దగ్గర ఉంది కాబట్టి గట్టిగా అడిగాం. డబ్బుండి, చెక్కు సరిగ్గా ఉన్నా చెల్లించకపోతే, రాసినవాళ్లకు జరిగిన నష్టం బ్యాంకే భరించాలని 1881 నాటి చట్టంలోనే ఉంది. చివరికి ఛార్జీ వెనక్కి వేశారు, తప్పు తమదేనని షావుకారుకు ఉత్తరం ఇచ్చారు.

రెండోది చెప్పాలంటే కష్టంగా ఉంది. మా సంఘంలో ఒక అక్క ఆగస్టులో జ్వరంతో చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లలు. ఏటా 436 రూపాయలు కోసే జీవన్ జ్యోతి బీమాలో ఉంది, 2 లక్షలు రావాలి. బ్యాంకుకు పోతే బీమా ఆగిపోయిందన్నారు. ఖాతాలో 2,100 ఉన్నా మే నెలలో ప్రీమియం కట్ కాలేదు. మూడు నెలలు మాలో ఒక్కరమూ ఆ పాస్‌బుక్కు చూడలేదు. అది మా పొరపాటు. కానీ డబ్బుండి, కోసుకోమని సంతకం పెట్టి ఇచ్చాక కోయకపోవడం బ్యాంకు లోపం కాదా? పెద్ద పిల్ల పేరున జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. ఇంకా నడుస్తోంది. వదలం.

అక్కలారా, ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకును అనలేం. అందుకే మే 20కల్లా 436, ప్రమాద బీమాకు 20 రూపాయలు, ఖాతాలో ఉంచాల్సిన కనీస నిల్వకు తోడుగా ఉంచండి. జూన్ మొదటి మీటింగులో అందరి పాస్‌బుక్కులు ఎంట్రీ వేయించి తెండి, లీడర్లు చూడాలి. కట్ కాకపోతే ఆ వారమే బ్యాంకులో కాగితం రాసివ్వండి, మన కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లలోపు వెళ్లాలి.

నోటిమాట ఎవరూ ఒప్పుకోరు, ముద్ర ఉన్న కాగితం మాట్లాడుతుంది. ఆ అక్క పిల్లలను చూసి మేము నేర్చుకున్న పాఠం ఇదే. సెలవు.