సునౌలీ గేటు దగ్గర మన బడి ముద్ర

(స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలను వెంటబెట్టుకుని దేశం దాటి, ఒక్క రోజులో తిరిగి రావడం గురించి చెప్పమన్నారు కమిటీ వాళ్ళు. పది నిమిషాలే అన్నారు. తెలుగు మేడంగారు ఎదురుగా ఉన్నారు కాబట్టి వాక్యాలు తప్పు పోకుండా చూసుకోవాలి, దానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది.

మా రోజుల్లో ఎక్స్‌కర్షన్ అంటే దుర్గం చెరువు దాకా నడక, లేకపోతే గోల్కొండ. సద్ది డబ్బాలో పులిహోర, సారు చేతిలో విజిల్. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ ప్రాంతం ఎంత మారిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నయాగరా ఫోటో రాని వేసవి లేదు. అక్కడా ఇదే సమస్య. 1941లో కట్టిన రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిస్తే కొద్ది నిమిషాల్లో కెనడా. అమెరికాలో పుట్టిన మనవడు హాయిగా దాటతాడు. పదహారేళ్ళు నిండని ఆ దేశ పౌరుడైతే రోడ్డు దారిన తిరిగి రావడానికి పుట్టిన సర్టిఫికెట్టు చాలు. వాడి చెయ్యి పట్టుకున్న తాతకు మాత్రం కెనడా వీసా ఉండాలి. పిల్లవాడితో తల్లి ఒక్కతే వెళ్తుంటే తండ్రి రాసిచ్చిన సమ్మతి పత్రం దగ్గర పెట్టుకోవడం మేలు. అమెరికా సంగతి ఇంతటితో ఆపుతాను. అక్కడి నుంచి వచ్చిన వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, నాకంటే బాగా చెప్పగలరు.

నేను చెప్పబోయేది 2019 దసరా సెలవుల్లో నేపాల్ వెళ్ళిన సంగతి. ఆర్టీసీ సమ్మె రోజులు అవి, గుర్తుండే ఉంటుంది. కొండాపూర్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆటోవాడు అడిగిన డబ్బు వింటే, నేపాల్ ఖర్చంతా ఇక్కడే అయిపోతుందేమో అనిపించింది.

మేం ఐదుగురం. నేను, మావారు, పదో తరగతి చదివే మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, ఇంకా మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు. ఆ పాపకు అప్పుడు పదమూడేళ్ళు. పుట్టింది హైదరాబాద్‌లో, చదివేది మన బడిలోనే. వాళ్ళ సొంత ఊరు నేపాల్‌లో పాల్పా జిల్లా కొండల్లో ఉంది. ఈ ఐటీ కారిడార్‌లో రాత్రి గేట్ల దగ్గర కూర్చునే వాళ్ళలో నేపాలీలు ఎంతమందో మీకు తెలుసు. మనం లాగిన్ అయ్యే వేళకు వాళ్ళ డ్యూటీ దిగుతుంది. ఆ పాప నాయనమ్మను ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో గొంతు వినడమే. మేం లుంబినీ చూడాలనుకుంటున్నామని తెలిసి వాళ్ళ నాన్న వచ్చి, "మేడం, పండక్కి నాకు సెలవు దొరకదు. మా అమ్మ బస్సులో లుంబినీ దాకా దిగి రాగలదు. పాపను ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగాడు. మావారు సరేనన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సొంత పిల్లలను దాటించడం వేరు, ఇంకొకరి ఆడపిల్లను దాటించడం వేరు కదా!

కాగితాల మాట చెప్తాను, మీకు పనికొస్తుంది. 1950 ఒప్పందం వల్ల భారతీయులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కరలేదు. పెద్దవాళ్ళకు పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉంటే సరిపోతుంది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన వాళ్ళకు ఫోటో, వయసు చూపే కార్డు ఏదైనా చాలు. 2019 జనవరి నుంచి వాళ్ళకు ఆధార్ కూడా ఒప్పుకుంటున్నారు. అసలు చిక్కు పదిహేను, పద్దెనిమిది మధ్య వయసు పిల్లలది. వాళ్ళకు పాస్‌పోర్టు లేకపోతే, చదివే బడి ప్రిన్సిపాల్ ఒక నమూనాలో గుర్తింపు పత్రం రాసివ్వాలి. దేశాల సరిహద్దు దగ్గర హెడ్మాస్టరు సంతకం చెల్లుతుందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. మా అమ్మాయికి వాళ్ళ స్కూల్లో తీసుకున్నాం.

వాచ్‌మన్ కూతురిది మన బడి. నేను ఇక్కడికే వచ్చాను. ఆ పాప నేపాల్ దేశస్థురాలు, దాటడానికి ఆ నమూనా కాగితం అవసరమే లేదు. అయినా హెడ్మాస్టరుగారు మొత్తం విన్నారు. "ఉత్త ఐడీ కార్డు చాలదమ్మా" అన్నారు. పాప ఫోటో అంటించి, ఏ తరగతి, తండ్రి ఎవరు, ఎవరితో ఎందుకు వెళ్తోంది, ఏ తేదీన తిరిగి రావాలి అన్నీ బడి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాసి, తన ఫోన్ నంబరు వేసి, సగం ఫోటో మీద సగం కాగితం మీద పడేలా గుండ్రటి ముద్ర కొట్టారు. తండ్రి నేపాలీలో ఒక సమ్మతి పత్రం రాసి సంతకం చేశాడు. జీహెచ్‌ఎంసీ పుట్టిన సర్టిఫికెట్టు కాపీ కూడా పెట్టుకున్నాం.

గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉన్న సునౌలీకి తెల్లవారకముందే కారులో బయలుదేరాం. మన వాహనం నేపాల్‌లోకి వెళ్ళాలంటే భన్సార్ అనే పన్ను కట్టాలి, క్యూ ఉంటుంది. కారును ఇటే ఆపి నడిచి దాటాం. సశస్త్ర సీమా బల్ జవాను కార్డులు చూశాడు, గేటు దాటాం, అంతే. "ఇంతేనా?" అన్నాడు మా అబ్బాయి. వాడికి విమానాశ్రయం లాంటిదేదో కావాలి. అవతల గడియారం చూపించాక గానీ వాడు శాంతించలేదు. నేపాల్ టైము మనకంటే పదిహేను నిమిషాలు ముందు. గేటు దగ్గర ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగి, పావుగంట పోగొట్టుకున్నాను, మళ్ళీ సంపాదించాను అంటూ లెక్కలు వేశాడు. మన వంద రూపాయలకు వాళ్ళవి నూట అరవై. ఆ రోజుల్లో మన వందకు మించిన నోట్లు అక్కడ చెల్లేవి కావు, అందుకని వందల కట్ట తీసుకెళ్ళాం.

సరిహద్దు నుంచి లుంబినీ పాతిక కిలోమీటర్లు ఉంటుంది. మాయాదేవి గుడి దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాం. బుద్ధుడు పుట్టిన చోటును గుర్తుపట్టిన రాయిని గాజు కింద ఉంచారు. బయట అశోకుడి స్తంభం. ఇక్కడ బుద్ధుడు పుట్టాడు కనుక ఈ ఊరి పన్ను తగ్గిస్తున్నాను అని బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు రాజు. "హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఊరు ఇదా అమ్మా?" అన్నాడు మావాడు. వాడికి బుద్ధుడంటే ట్యాంక్‌బండే మరి.

నాయనమ్మ పుష్కరిణి పక్కన చెట్టు కింద కూర్చుని ఉంది. పొద్దున్నే వచ్చేసిందట. పాపను చూసి ఒక్కసారిగా లేవలేదు. ముందు చేతి సంచిలోంచి ఇత్తడి గిన్నె తీసింది. పెరుగు, కుంకుమ, బియ్యం కలిపి తెచ్చిన టీకా. వాళ్ళ దశైంలో విజయదశమి నుంచి పున్నమి దాకా పెద్దవాళ్ళు పిల్లల నొసట అది పెడతారు. పండక్కి మొలిపించిన బార్లీ మొలకలు, జమరా అంటారు, తలలో తురుముతారు. పాపకు పెట్టింది, తరువాత మా ఇద్దరు పిల్లలకూ పెట్టింది. పాప తన బ్యాగులోంచి ఒక పొట్లం విప్పింది. జమ్మి ఆకులు! దసరా రోజు మా అపార్ట్‌మెంట్లో పంచినవి దాచుకుని, మూడు రోజులు రైల్లో మోసుకొచ్చింది, నాకు కూడా చెప్పలేదు. నాయనమ్మ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. "ఇది బంగారం" అని నేపాలీలో ఎలా చెప్పిందో ఏమో, ఆ ముసలామె ఎండిన ఆకులను కొంగున ముడి వేసుకుంది. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రం సునౌలీ దాకా మాతోనే వచ్చింది. తిరిగి దాటుతుంటే నేపాల్ వైపున్న ఒక బూత్ నుంచి ఒకామె వచ్చి పాప చెయ్యి పట్టుకుని ఆపింది. నేపాలీ ఆడపిల్లలను ఉద్యోగమని, పెళ్ళని చెప్పి ఇటు తెచ్చి అమ్మేసే ముఠాలు ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి మైతీ నేపాల్ లాంటి సంస్థలు ఈ గేట్ల దగ్గర మనుషులను పెట్టాయి. ఆమె కంటికి మేం ఎవరం? భాష తెలియని ఇద్దరు పరదేశీయులు, మధ్యలో నొసట టీకాతో ఒక నేపాలీ పిల్ల. పాపను దూరంగా తీసుకెళ్ళి విడిగా ప్రశ్నలు అడిగింది. నాయనమ్మ అడ్డం వస్తే ఆమెను కూడా పక్కకు జరిపింది. మావారికి కోపం వచ్చింది. నాకు మాత్రం రాలేదు. ఆ స్థానంలో నేనున్నా అలాగే ఆపుతాను. భయం మాత్రం వేసింది. పాప కంగారులో నేపాలీ మరిచి "అవునండి, కాదండి" అంటోంది.

ఫైలు తెరిచి కాగితాలన్నీ ఇచ్చాను. ఆమె తండ్రి ఉత్తరం చదివింది, ఆయనకు తన ఫోన్ నుంచి చేసింది. అది ఒక్కటే ఆమెకు చాలలేదు. తండ్రులే అమ్మిన కేసులు చూశానంది హిందీలో. బడి లెటరు ఎత్తి పట్టుకుని ఫోటోనూ పాపనూ చూసింది, ముద్రను వేలితో తడిమింది, ఆ నంబరుకు చేసింది. హెడ్మాస్టరుగారు రెండో రింగుకే ఎత్తారు. సెలవుల్లో, సాయంత్రం పూట! పాప రోల్ నంబరు, క్లాస్ టీచరు, ఎప్పుడు తిరిగి రావాలో చూసుకోకుండా చెప్పారు. ఆమె పాపను అడిగి సరిచూసుకుంది. అరగంట పట్టింది అంతా కలిపి. రిజిస్టరులో మా అందరి పేర్లు రాసుకుని, పాప తల నిమిరి పంపించింది.

మరుసటి దసరాకు మళ్ళీ రమ్మని నాయనమ్మ మాట తీసుకుంది. 2020 మార్చిలో కరోనాతో గేట్లు మూసేశారు. 2022లో వాళ్ళ నాన్నే సెలవు సంపాదించి పాపను కొండ మీది ఊరికే తీసుకెళ్ళాడు. నాయనమ్మ ఉంది, జమ్మి ఆకులు కూడా దేవుడి గూట్లో ఉన్నాయట.

ఆ లెటరు కాపీ ఒకటి మన బడి ఆఫీసులో ఉంచాను. వాచ్‌మన్‌ల పిల్లలు ఇక్కడ ఇంకా చదువుతున్నారు. ఎవరికైనా అవసరం పడితే అడగండి, పేరు, ఫోటో మార్చుకుంటే చాలు. పన్నెండు నిమిషాలు అయినట్టుంది, మేడంగారూ, కూర్చుంటాను.